70 ఏళ్లలో నాలుగేళ్లే ప్రతిపక్షంలో.. జపాన్‌లో ఆ పార్టీ ఎందుకు ఓడిపోదు? అసలు కారణాలు ఇవే!

ప్రజాస్వామ్య దేశాల్లో అధికారం చేతులు మారడం మామూలే. ఐదేళ్లకో, పదేళ్లకో జనానికి విసుగొస్తుంది.. సర్కారును దించేస్తారు. కానీ జపాన్‌లో సీన్ వేరు. 1955 నవంబర్ 15న పుట్టిన లిబరల్ డెమోక్రటిక్ పార్టీ (ఎల్‌డీపీ) 2025 నవంబర్‌తో 70 ఏళ్లు పూర్తి చేసుకుంది. ఇన్నేళ్లలో ఆ పార్టీ అధికారానికి దూరంగా ఉన్నది రెండేసార్లు. రెండూ కలిపినా నాలుగేళ్ల పైచిలుకే!

పేరులో లిబరల్ అని ఉన్నా ఇది రైట్ వింగ్ పార్టీ. వ్యాపార వర్గాలు, సంప్రదాయవాదులు, జాతీయవాదులు ఇందులో కీలకం. మరోవైపు జపాన్‌లో బలమైన కార్మిక సంఘాలు ఉండేవి. సోషలిస్టు పార్టీ ఉండేది. లక్షల మంది రోడ్ల మీదకు వచ్చిన ఉద్యమాలూ నడిచాయి. ఓటు రహస్యంగానే పడుతోంది, పత్రికలు సర్కారును ఏకిపారేస్తూనే ఉన్నాయి. అయినా లెఫ్ట్ ఎందుకు నిలబడలేకపోయింది? రైట్ వింగ్ పట్టు అంత గట్టిగా ఎలా బిగుసుకుంది? వివరాల్లోకి వెళ్తే..

అమెరికా ముందు ఒక మాట.. తర్వాత ఇంకో మాట

1945 ఆగస్టులో జపాన్ లొంగిపోయింది. ఆ తర్వాత 1952 ఏప్రిల్ వరకు దేశం మిత్రరాజ్యాల ఆక్రమణలోనే ఉంది. పెత్తనమంతా అమెరికా జనరల్ డగ్లస్ మెకార్థర్‌దే. మొదటి రెండేళ్లు ఆయన తీసుకున్న నిర్ణయాలు చూస్తే లెఫ్ట్ పార్టీలకే కలిసొచ్చేలా ఉన్నాయి. జైళ్లలో ఉన్న కమ్యూనిస్టులను విడిచిపెట్టారు. కార్మిక సంఘాలకు చట్టబద్ధత వచ్చింది. మహిళలకు ఓటు హక్కు దక్కింది. 1947 మే 3న కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. యుద్ధాన్ని శాశ్వతంగా వదులుకుంటున్నామని చెప్పే 9వ అధికరణం అందులోనిదే.

అదే ఏడాది ఎన్నికల్లో సోషలిస్టులు అతిపెద్ద పార్టీగా నిలిచారు. టెట్సు కటయామా ప్రధాని అయ్యారు. అయితే సొంతంగా మెజారిటీ లేదు, భాగస్వామ్య పక్షాలతో నెట్టుకు రావాల్సిన పరిస్థితి. పార్టీలోనే లెఫ్ట్, రైట్ వర్గాల కొట్లాట. ఏడాది కూడా తిరగకుండానే ఆ ప్రభుత్వం కుప్పకూలింది.

ఇంతలో కోల్డ్ వార్ మొదలైంది. చైనాలో కమ్యూనిస్టులు గెలుపు దిశగా సాగుతున్నారు. 1950లో కొరియా యుద్ధం వచ్చిపడింది. దాంతో అమెరికా లెక్కలు మారిపోయాయి. జపాన్‌ను శిక్షించడం కన్నా తమ వైపు నిలబెట్టుకోవడమే ముఖ్యమనుకుంది. 1947 ఫిబ్రవరి 1న జరగాల్సిన సార్వత్రిక సమ్మెను మెకార్థర్ అప్పటికే అడ్డుకున్నారు. 1950లో కమ్యూనిస్టులు, వారి సానుభూతిపరులు అనే ముద్ర వేసి వేల మందిని ఉద్యోగాల నుంచి తీసేశారు. యుద్ధకాలంలో చక్రం తిప్పారని పక్కన పెట్టిన పాత నేతలకు మాత్రం తలుపులు తెరిచారు.

దీనికి పెద్ద ఉదాహరణ నొబుసుకే కిషి. యుద్ధ సమయంలో ప్రధాని టోజో కేబినెట్‌లో మంత్రి. యుద్ధం ముగిశాక క్లాస్-ఏ యుద్ధ నేరాల అనుమానితుడిగా టోక్యోలోని సుగామో జైల్లో మూడేళ్లకు పైగా గడిపారు. విచారణ లేకుండానే 1948 డిసెంబర్‌లో బయటికొచ్చారు. సీన్ కట్ చేస్తే.. 1957లో ఆయనే జపాన్ ప్రధాని! అదే ఏడాది భారత్‌కు వచ్చి నెహ్రూను కలిశారు. మన దేశంలో పర్యటించిన తొలి జపాన్ ప్రధాని ఆయనే. ఆ మధ్య హత్యకు గురైన షింజో అబే ఈయన మనవడే.

కౌలు రైతు చేతికి భూమి.. లెఫ్ట్ చేజారిన పల్లె

రైట్ వింగ్ పాలనకు గట్టి పునాది వేసింది మాత్రం భూసంస్కరణలు అంటే ఆశ్చర్యంగా అనిపించొచ్చు. యుద్ధానికి ముందు జపాన్ సాగు భూమిలో దాదాపు 46 శాతం కౌలు కిందే ఉండేది. పంటలో పెద్ద వాటా భూస్వామికి పోయేది. పల్లెల్లో కౌలు గొడవలు రగిలేవి. లెఫ్ట్ పార్టీలు ఎదగడానికి అంతకు మించిన నేల ఉండదు.

1946లో వచ్చిన చట్టంతో కథ మారింది. ఊళ్లో ఉండని భూస్వాముల కౌలు భూమి మొత్తాన్ని ప్రభుత్వమే కొనేసింది. ఊళ్లో ఉండేవారికి కూడా హొక్కైడో మినహా మిగతా చోట్ల సుమారు ఒక హెక్టారు.. అంటే రెండున్నర ఎకరాల కౌలు భూమి మాత్రమే మిగిలింది. తీసుకున్న భూమిని సాగు చేస్తున్న రైతులకే వాయిదాల మీద అమ్మేశారు. అప్పట్లో ధరలు ఆకాశాన్ని తాకడంతో ఆ వాయిదాలు రైతుకు భారమే కాలేదు. 1950 నాటికి కౌలు భూమి దాదాపు 10 శాతానికి పడిపోయింది. ఈ సంస్కరణల వెనుక కీలకంగా పనిచేసిన అమెరికన్ నిపుణుడు వోల్ఫ్ లడెజిన్‌స్కీ. ఆయన ఆ తర్వాత భారత్‌లోనూ భూ సమస్యలపై పనిచేశారు.

ఫలితం ఏమైందంటే.. నిన్నటిదాకా కౌలుదారుగా ఉన్న మనిషి రాత్రికి రాత్రే సొంతదారు అయ్యాడు. విప్లవం అవసరం తీరిపోయింది. ఇప్పుడు ఆ రైతుకు కావాల్సింది పంటకు మంచి ధర, ఊరికి రోడ్డు, పొలానికి నీళ్లు. అవి ఇవ్వగలిగేది ఎవరు? అధికారంలో ఉన్నవాళ్లే!

రెండు పార్టీలు ఒక్కటయ్యాయి.. రహస్యంగా డాలర్లు

1955 అక్టోబర్‌లో చీలిపోయిన సోషలిస్టులు మళ్లీ ఒక్కటయ్యారు. దీంతో వ్యాపార వర్గాల్లో గుబులు మొదలైంది. ఒకరినొకరు తిట్టుకుంటున్న లిబరల్, డెమోక్రటిక్ పార్టీలపై ఒత్తిడి పెరిగింది. దాదాపు నెల రోజులకే రెండూ కలిసి ఎల్‌డీపీ పుట్టింది. 1958 ఎన్నికల్లో ఎల్‌డీపీకి 287 సీట్లు, సోషలిస్టులకు 166 సీట్లు వచ్చాయి. అంటే అటు అధికారం, ఇటు మూడో వంతుకు పైగా ప్రతిపక్షం. ఈ లెక్క దశాబ్దాల పాటు అటూ ఇటుగా అలాగే సాగింది.

ఇందులో ఓ చీకటి కోణం కూడా ఉంది. అమెరికా నిఘా సంస్థ సీఐఏ జపాన్ సంప్రదాయవాద నేతలకు రహస్యంగా నిధులు పంపిందని ఏళ్ల తరబడి ఆరోపణలు వచ్చాయి. 1994లో న్యూయార్క్ టైమ్స్ దీన్ని బయటపెట్టింది. 2006లో అమెరికా విదేశాంగ శాఖ ప్రచురించిన అధికారిక పత్రాల సంపుటే ఆ సంగతిని ఒప్పుకుంది. 1958 నుంచి 1960ల చివరి వరకు ఇలాంటి రహస్య కార్యక్రమాలు నడిచాయని, సోషలిస్టుల్లోని మితవాద వర్గాన్ని విడదీసే ప్రయత్నం కూడా అందులో ఉందని తేలింది.

అయితే ఆ డబ్బు ఒక్కటే 70 ఏళ్ల పాలనకు కారణం అనుకుంటే పొరపాటే. అవి ఆగిపోయిన తర్వాత కూడా ఎల్‌డీపీ గెలుస్తూనే వచ్చింది మరి.

1960: ఓడిపోవాల్సిన చోట గెలిచారు

అమెరికాతో భద్రతా ఒప్పందాన్ని సవరించాలని కిషి పట్టుబట్టారు. జపాన్ గడ్డపై అమెరికా సైనిక స్థావరాలు కొనసాగడం ఇష్టం లేని జనం భగ్గుమన్నారు. 1960 మేలో ప్రతిపక్ష సభ్యులను పోలీసులతో ఈడ్చేయించి మరీ అర్ధరాత్రి ఓటింగ్ కానిచ్చారు. దాంతో లక్షల మంది పార్లమెంటును చుట్టుముట్టారు. జూన్ 15న జరిగిన ఘర్షణలో ఓ విద్యార్థిని చనిపోయింది. అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్ పర్యటన రద్దయింది. చివరికి కిషి రాజీనామా చేయాల్సి వచ్చింది.

ఆ అక్టోబర్‌లో ఇంకో ఘోరం. టోక్యోలో జరిగిన సభలో సోషలిస్టు పార్టీ అధినేత ఇనెజిరో అసనుమాను 17 ఏళ్ల అతివాద జాతీయవాది కత్తితో పొడిచి చంపేశాడు. కెమెరాలు తిరుగుతుండగానే ఈ హత్య జరిగింది.

ఇంత జరిగాక ఏ పార్టీ అయినా చిత్తుగా ఓడిపోవాలి కదా! కానీ నవంబర్ ఎన్నికల్లో ఎల్‌డీపీకి 296 సీట్లు వచ్చాయి. ఎలా? కొత్త ప్రధాని హయాటో ఇకెడా చర్చనే మార్చేశారు. రాజ్యాంగం, సైన్యం, ఒప్పందం అనే మాటలు పక్కన పెట్టి.. పదేళ్లలో దేశ ఆదాయాన్ని రెట్టింపు చేస్తామని హామీ ఇచ్చారు. చెప్పిన గడువు కంటే ముందే అది నిజమైంది. 1964లో టోక్యో ఒలింపిక్స్, బుల్లెట్ ట్రైన్. 1960ల చివరికి జపాన్ పశ్చిమ జర్మనీని దాటేసింది. ఇంట్లోకి టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ వచ్చి చేరుతుంటే వీధి పోరాటాలకు పిలుపిచ్చే పార్టీ మాట ఎవరు వింటారు?

ఎల్‌డీపీ అప్పుడు నేర్చుకున్న పాఠం ఇదే. సిద్ధాంతం మీద గొడవ పడితే ఓడిపోతాం, జీతం మీద మాట్లాడితే గెలుస్తాం!

బియ్యం ధర, రోడ్లు, బ్రిడ్జిలు.. ఓటు బ్యాంక్ తయారైందిలా

ఆ రోజుల్లో రైతు దగ్గర బియ్యం కొనేది ప్రభుత్వమే. కొనుగోలు ధర ఏటేటా పెంచుతూ పోయారు. రైతుకు ఎక్కువిచ్చి, వినియోగదారుడికి తక్కువకు అమ్మి, నష్టాన్ని ఖజానా భరించింది. ఈ లావాదేవీల మధ్యలో ఉన్నవి రైతు సహకార సంఘాలు. ఎరువులు, అప్పులు, బీమా.. అన్నీ వాటి చేతుల మీదుగానే. ఎన్నికలొస్తే ఆ సంఘాల ఓట్లు గంపగుత్తగా ఎల్‌డీపీకే.

దీనికి నియోజకవర్గాల లెక్క తోడైంది. యుద్ధం తర్వాత సీట్లు పంచిన నాటికి జనం ఎక్కువగా పల్లెల్లోనే ఉన్నారు. తర్వాత లక్షల మంది నగరాలకు తరలిపోయారు. కానీ సీట్ల పంపకం ఆ వేగంతో మారలేదు. 1972 ఎన్నికల్లో పల్లెలోని ఒక ఓటు విలువ, నగరంలోని కొన్ని చోట్ల ఓటుకు దాదాపు 5 రెట్లు! ఇది రాజ్యాంగ విరుద్ధమని 1976లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా ఎన్నికను మాత్రం రద్దు చేయలేదు.

ఎన్నికల పద్ధతి కూడా వింతగా ఉండేది. ఒక్కో నియోజకవర్గం నుంచి సాధారణంగా 3 నుంచి 5 మంది గెలుస్తారు, ఓటరుకు మాత్రం ఒకటే ఓటు. మెజారిటీ కావాలంటే ఎల్‌డీపీ ఒకే చోట ఇద్దరు, ముగ్గురిని నిలబెట్టాలి. పార్టీ ఒకటే, విధానం ఒకటే. మరి ఒకరికొకరు తేడా ఎలా చూపించుకోవాలి? నేను తెచ్చిన బ్రిడ్జి, నేను వేయించిన రోడ్డు అని చెప్పుకోవాలి. అందుకే ప్రతి నేతా సొంతంగా ఓ మద్దతుదారుల సంఘం నడిపేవారు. పెళ్లి, చావు, బడి పండగ.. నేత గానీ, నేత మనుషులు గానీ అక్కడ ఉండాల్సిందే.

ఈ విద్యలో ఆరితేరిన మనిషి కాకుయే తనాకా. మంచు కప్పేసే నిగాటా ప్రాంతానికి రోడ్లు, సొరంగాలు, చివరికి బుల్లెట్ ట్రైన్ లైన్ కూడా రప్పించారు. ప్రధాని అయ్యారు. లాక్‌హీడ్ విమానాల లంచం కేసులో 1976లో అరెస్టయ్యారు. 1983 అక్టోబర్‌లో దోషిగా తేలారు. ఆ డిసెంబర్‌లోనే ఎన్నికలు.. సొంత నియోజకవర్గం ఆయనకు 2 లక్షల 20 వేలకు పైగా ఓట్లు వేసి గెలిపించింది! టోక్యో పత్రికలకు అది అవినీతి. నిగాటా రైతుకు మాత్రం చలికాలంలో ఆస్పత్రికి చేర్చే సొరంగం.

ప్రతిపక్షం అజెండా.. అధికార పక్షం చట్టం

ఎల్‌డీపీ ఎక్కువ కాలం బతకడానికి అసలు కిటుకు ఇక్కడే ఉంది. ప్రమాదం కనిపించిన ప్రతిసారీ ప్రతిపక్షం డిమాండ్‌ను తనే అమలు చేసేసింది. అందరికీ ఆరోగ్య బీమా, పెన్షన్ వ్యవస్థ 1961లోనే వచ్చాయి. 1960ల చివర్లో పరిశ్రమల కాలుష్యంపై జనం తిరగబడ్డారు. మినమాటాలో పాదరసం విషం, యొక్కైచిలో ఊపిరాడని పొగ దేశాన్ని కుదిపేశాయి. నగరాల్లో లెఫ్ట్ మద్దతున్న మేయర్లు, గవర్నర్లు వరసగా గెలిచారు. టోక్యో గవర్నర్‌గా 1967లో గెలిచిన ర్యోకిచి మినోబె వృద్ధులకు ఉచిత వైద్యం తెచ్చారు.

ఎల్‌డీపీ ఏం చేసింది? 1970లో ఒకే పార్లమెంటు సమావేశంలో కాలుష్యంపై 14 చట్టాలు పాస్ చేసింది. 1973లో వృద్ధులకు ఉచిత వైద్యాన్ని దేశమంతా అమలు చేసింది. ఇక లెఫ్ట్ దగ్గర కొత్తగా చెప్పడానికి ఏం మిగిలింది?

సోషలిస్టుల స్వయంకృతం

తప్పంతా ప్రత్యర్థిదే అనడానికీ లేదు. 1960లో మితవాద వర్గం విడిపోయి వేరే పార్టీ పెట్టుకుంది. 1964లో బౌద్ధ సంస్థ సోకా గక్కాయ్ అండతో కొమెయితో పార్టీ వచ్చింది. నగరాల్లో పేదల ఓటు అటు మళ్లింది. కమ్యూనిస్టుల దారి వాళ్లదే. ఇలా ప్రతిపక్షం ముక్కలు ముక్కలైంది.

అసలు విషయం ఏంటంటే.. 1960ల నుంచి సోషలిస్టులు మెజారిటీకి సరిపడా అభ్యర్థులనే నిలబెట్టలేదు! అందరూ గెలిచినా ప్రభుత్వం రాదు. వాళ్ల లక్ష్యం వేరే. రాజ్యాంగ సవరణకు ఉభయ సభల్లో మూడింట రెండొంతుల మద్దతు, ఆపై రెఫరెండం కావాలి. అందుకే ఒక వంతుకు పైగా సీట్లు పట్టుకుని సవరణను అడ్డుకుంటే చాలనుకున్నారు. ఆ పని మాత్రం గట్టిగానే చేశారు. సొంత రాజ్యాంగం రాసుకోవడం ఎల్‌డీపీ పుట్టినప్పటి లక్ష్యం. ఇన్నేళ్లు పాలించినా అందులో ఒక్క అక్షరం మార్చలేకపోయింది. జపాన్ ఓటరు ఒక చేత్తో రైట్ వింగ్‌కు తాళాలిచ్చి, ఇంకో చేత్తో లెఫ్ట్‌ను కాపలా పెట్టాడన్నమాట.

రెండుసార్లు ఓడినా.. మళ్లీ అదే పార్టీ

1993లో తొలిసారి కోట బీటలు వారింది. కుంభకోణాలతో విసిగిన సొంత నేతలే పార్టీని చీల్చారు. ఎనిమిది పక్షాల కూటమితో మొరిహిరో హోసోకవా ప్రధాని అయ్యారు. పాత ఎన్నికల పద్ధతిని మార్చడం ఆ ప్రభుత్వం చేసిన పెద్ద పని. కానీ కూటమి నిలవలేదు. 1994 జూన్‌లో ఎల్‌డీపీ ఎవరూ ఊహించని ఎత్తు వేసింది. 40 ఏళ్ల శత్రువైన సోషలిస్టులతోనే చేతులు కలిపి, వాళ్ల నేత తొమీచి మురయామాను ప్రధానిని చేసింది! కుర్చీ ఎక్కాక ఆయన సైన్యం రాజ్యాంగబద్ధమేనని, అమెరికాతో ఒప్పందం ఓకేనని చెప్పాల్సి వచ్చింది. కార్యకర్తలకు మొహం చూపించలేని పరిస్థితి. 1996 ఎన్నికల్లో ఆ పార్టీకి మిగిలింది 15 సీట్లే.

2009లో రెండో షాక్. డెమోక్రటిక్ పార్టీ 480కి 308 సీట్లు గెలిచింది. ఎల్‌డీపీ 119కి పడిపోయింది. ఆసక్తికరమైన సంగతేంటంటే.. కొత్త ప్రధాని యుకియో హతోయామా, ఎల్‌డీపీ తొలి అధ్యక్షుడు ఇచిరో హతోయామా మనవడే. ఒకినావాలోని అమెరికా స్థావరాన్ని ఆ ద్వీపం బయటికి తరలిస్తామన్న మాట నిలబెట్టుకోలేక ఆయన 9 నెలలకే తప్పుకున్నారు. 2011 మార్చి 11న భూకంపం, సునామీ, ఫుకుషిమా అణు ప్రమాదం. మూడేళ్లలో ముగ్గురు ప్రధానులు. అమ్మకం పన్ను పెంపుపై పార్టీలో చీలిక. 2012 డిసెంబర్‌లో ఎల్‌డీపీ 294 సీట్లతో తిరిగొచ్చింది. అవతలి పార్టీకి 57 వచ్చాయి.

గెలిచింది పార్టీ కాదు.. ఓటు వేయని జనం?

2012 లెక్కలు కాస్త లోతుగా చూస్తే అసలు కథ తెలుస్తుంది. దామాషా ఓట్లలో ఎల్‌డీపీకి వచ్చింది 28 శాతం లోపే. ఓడిపోయిన 2009లో వచ్చిన ఓట్ల కంటే కూడా ఇవి తక్కువ! మరి అన్ని సీట్లు ఎలా? ఒక్కరే గెలిచే 300 నియోజకవర్గాల్లో ప్రతిపక్షం ఓట్లు చీలాయి. 43 శాతం ఓట్లతోనే ఎల్‌డీపీకి 237 సీట్లు దక్కాయి. ఇటు పోలింగ్ 69 శాతం నుంచి 59 శాతానికి జారింది. 2014లో 53 శాతం కూడా దాటలేదు. ఒకసారి మార్పు కోరి భంగపడ్డ ఓటర్లలో చాలామంది ఇంట్లో కూర్చున్నారు. క్రమం తప్పకుండా వచ్చే సంఘాల ఓట్లకు విలువ పెరిగిపోయింది.

1999 నుంచి కొమెయితోతో పొత్తు కూడా బాగా పనిచేసింది. నియోజకవర్గాల్లో సోకా గక్కాయ్ సభ్యుల ఓట్లు ఎల్‌డీపీకి, దామాషాలో ఎల్‌డీపీ మద్దతుదారుల ఓట్లు కొన్ని కొమెయితోకు.

నిబంధనలూ పాతవారికే అనుకూలం. ఇంటింటి ప్రచారంపై 1925 నుంచే నిషేధం ఉంది. దిగువ సభ ఎన్నికలకు అధికారిక ప్రచారం 12 రోజులే. మన దగ్గర ఈవీఎంలో గుర్తు చూసి బటన్ నొక్కుతాం. అక్కడ ఓటరు పెన్సిల్ పట్టుకుని అభ్యర్థి పేరు సొంతంగా రాయాలి. అప్పుడు తెలిసిన ఇంటిపేరుకే లాభం కదా! అబే తాత ప్రధాని, చిన్నతాత ఎయిసాకు సాటో కూడా ప్రధానే. మరో ప్రధాని తరో అసో, యుద్ధానంతర ప్రధాని షిగేరు యోషిదా మనవడు.

ఇప్పుడేం జరుగుతోంది?

పార్టీ విందుల టికెట్ల సొమ్మును లెక్కల్లో చూపకుండా దాచారన్న కుంభకోణం 2023 చివర్లో పేలింది. 2024 అక్టోబర్‌లో ఎల్‌డీపీ 191 సీట్లకు పడిపోయి, మిత్రపక్షంతో కలిపినా దిగువ సభలో మెజారిటీ కోల్పోయింది. 2025 జూలైలో ఎగువ సభలోనూ అదే సీన్. అయితే ఈసారి దెబ్బ లెఫ్ట్ నుంచి మాత్రమే రాలేదు. 'జపనీయులకే ప్రాధాన్యం' అంటూ వచ్చిన సన్సేతో పార్టీ 14 సీట్లు గెలిచి, ఎల్‌డీపీకి కుడివైపు నుంచే గండి కొట్టింది. అక్టోబర్‌లో సనాయే తకాయిచి పార్టీ పగ్గాలు చేపట్టగానే 26 ఏళ్ల మిత్రుడు కొమెయితో దూరం జరిగింది. ఇషిన్ పార్టీ మద్దతుతో ఆమె అక్టోబర్ 21న జపాన్ తొలి మహిళా ప్రధాని అయ్యారు.

మొత్తంగా చూస్తే.. అమెరికా అండ, భూమి దక్కిన రైతు, పెరిగిన ఆదాయం, పల్లెకు ఎక్కువ విలువిచ్చిన ఓటు, చీలిపోయిన ప్రతిపక్షం.. ఇవన్నీ కలిసి ఎల్‌డీపీని నిలబెట్టాయి. వీటన్నింటికీ మించి, ఓటమి దగ్గర పడ్డప్పుడల్లా జనం అడిగింది ఇచ్చేసే అలవాటు ఆ పార్టీని కాపాడింది. బీమా, పెన్షన్, కాలుష్య చట్టాలు అలా వచ్చినవే. అంటే ఎదురుగా గట్టి ప్రతిపక్షం ఉన్నంత కాలం, అది గెలవకపోయినా జనానికి ఏదో ఒకటి దక్కింది. ఆ ప్రతిపక్షం బలహీనపడ్డాక దాదాపు సగం మంది పోలింగ్ బూత్ వైపే చూడని ఎన్నికలూ వచ్చాయి. జపాన్ కథలో అసలు ఆలోచించాల్సిన పాయింట్ ఇదే.